ఆకే కదా, వక్కే కదా!

పోయిన సంచికలో ఒక జవాబు చివర "కొన్ని మొక్కల్లో ఉండే ఆల్కలాయిడ్లు డీఎన్‌ఏని కూడా పాడుచేస్తాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్ళలో, వాయిస్ మెసేజుల్లో సగం దాని గురించే. కొందరికి టెన్షన్, కొందరికి కోపం. ఒకాయనైతే "మా తాత తొంభై ఏళ్ళు వక్క నమిలి గుండ్రాయిలా ఉన్నాడు, మీరెవరండీ చెప్పడానికి" అని గట్టిగానే అడిగారు. తప్పు నాదే, అంత మాటని ఒక్క వాక్యంలో తేల్చెయ్యకూడదు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ఆల్కలాయిడ్ అనే మాట కొత్తగా వింటున్నవాళ్ళకి ముందు ఒక ముక్క. మొక్కకి కాళ్ళు లేవు, పారిపోలేదు. అందుకని తనను తినొచ్చేవాళ్ళ కోసం కొన్ని పదార్థాలు తయారుచేసి ఆకుల్లోనో గింజల్లోనో దాచుకుంటుంది. వాటిలో నైట్రోజన్ ఉండే ఒక పెద్ద కుటుంబం ఈ ఆల్కలాయిడ్లు. చాలావరకు చేదుగా ఉంటాయి. అన్నీ చెడ్డవని కాదు. మిరియాల ఘాటు ఆల్కలాయిడే, కాఫీలో కెఫీన్ కూడా ఆల్కలాయిడే, నేనిప్పుడు అదే తాగుతూ రాస్తున్నాను.

ప్ర: గట్టు మీది గిలిగిచ్చ మొక్కల్ని మా మేకలు రెండు పూటలు మేశాయి. తెలిసినాయన "లివర్ పోతుంది, డీఎన్‌ఏ దెబ్బతింటుంది" అన్నాడు. ఆకు తింటే డీఎన్‌ఏ దాకా ఎట్లా పోతుంది? నన్ను భయపెట్టడానికి అన్నాడా? — ఒక రైతు, డోన్ దగ్గర పల్లె

భయపెట్టడానికి కాదు గానీ, కాస్త తొందరపడ్డాడు. మేకలు, గొర్రెలు ఈ విషాన్ని ఆవులకంటే, గుర్రాలకంటే బాగా తట్టుకుంటాయి. రెండు పూటలు నాలుగు రెమ్మలు కొరికితే కొంపలు మునగవు. వేరే మేత దొరక్క రోజూ అదే మేస్తే మాత్రం చిక్కే.

పట్నంలో పుట్టినవాళ్ళకి గిలిగిచ్చ తెలియకపోవచ్చు. ఉబ్బిన కాయ, ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి, పల్లెల్లో పిల్లలు గిలక్కాయలా ఆడుకుంటారు. వరి కోశాక చల్లే జనుము కూడా ఈ జాతిదే. ఈ జాతి మొక్కల్లో, ముఖ్యంగా గింజల్లో, పైరోలిజిడిన్ రకం ఆల్కలాయిడ్లు ఉంటాయి. కొన్నిటిలో తక్కువ, కొన్నిటిలో చాలా ఎక్కువ. వాటిలో బాగా పేరుమోసింది మోనోక్రొటలిన్. గిలిగిచ్చ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు క్రొటలేరియా, దాన్నుంచే దీనికా పేరు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మోనోక్రొటలిన్‌ని గాజు గొట్టంలో డీఎన్‌ఏతో కలిపి పెట్టండి, దాదాపు ఏమీ జరగదు. పక్కపక్కనే కూర్చుంటాయి, ఎవరి దారి వాళ్ళది. కడుపులోకి వెళ్తేనే కథ మారుతుంది. పేగుల నుంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి నేరుగా లివర్‌కి వెళ్తుంది. ఒంట్లోకి వచ్చిన కొత్త పదార్థాన్ని మార్చి, నీళ్ళలో కరిగేలా చేసి బయటికి తోసెయ్యడం లివర్ ఉద్యోగం, దానికి తగ్గ ఎంజైములు దాని దగ్గరుంటాయి. ఆ ఎంజైములు పాపం తమ పని తాము చేస్తూ ఈ ఆల్కలాయిడ్ నుంచి రెండు హైడ్రోజన్లు లాగేస్తాయి. అంతవరకూ సాధువులా ఉన్నది కాస్తా రెండు చేతులూ చాచి దొరికినదాన్నల్లా పట్టుకునేదిగా మారిపోతుంది. విషాన్ని విరుద్దామని పోయి కొరివితో తల గోక్కున్నట్టన్నమాట.

చేతులు రెండని ఊరికే అనలేదు, ఆ అణువులో నిజంగానే తగులుకునే చోట్లు రెండున్నాయి. డీఎన్‌ఏని రెండు పేటల తాడు అనుకోండి. ఒక చేత్తో ఒక పేటలోని గ్వానిన్‌ని (డీఎన్‌ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఇదొకటి; మిగతావి అడినిన్, సైటోసిన్, థైమిన్), రెండో చేత్తో అవతలి పేటలోని గ్వానిన్‌ని పట్టుకుంటే రెండు పేటలూ కలిపి కుట్టు వేసినట్టవుతుంది. కొన్నిసార్లు డీఎన్‌ఏనీ పక్కనున్న ప్రోటీన్‌నీ కలిపి కుట్టేస్తుంది. కణం రెండుగా చీలాలంటే ముందు ఆ పేటలు విడిపోవాలి, జిప్పు తీసినట్టు. మధ్యలో కుట్టు పడితే జిప్పు అక్కడ ఆగిపోతుంది.

ఆగిపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. పాఠాలు చెప్పే రోజుల్లో ఈ విషం తిన్న ఎలుక లివర్ స్లైడు ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టేవాళ్ళం. మామూలు లివర్ కణాలు పక్కపక్కనే పేర్చిన పెంకుల్లా ఒకే కొలతలో ఉంటాయి. ఈ స్లైడులో అక్కడక్కడా ఒక్కో కణం చుట్టుపక్కల వాటికి నాలుగింతలుంది, కాయగూరల గంపలో గుమ్మడికాయ పెట్టినట్టు. చీలడానికి తయారై, తిండి తిని, పెరిగి, చీలలేక అట్లా ఉబ్బిపోయిన కణాలవి. దానికితోడు లివర్‌లోని సన్నటి రక్తనాళాల లోపలి పొర చెడి దారి పూడుకుపోతుంది, రక్తం వెనక్కి తన్నుతుంది, పొట్టలో నీరు చేరుతుంది.

మనుషుల్లో ఇది జరిగింది మనకి దూరమేమీ కాదు. 1975లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, ఇప్పుడది ఛత్తీస్‌గఢ్, పల్లె జనానికి ఉన్నట్టుండి పొట్టలు ఉబ్బడం మొదలైంది. 67 మందికి జబ్బు చేస్తే 28 మంది పోయారు. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, వాళ్ళు తినే సామల్లో గిలిగిచ్చ జాతి కలుపు గింజలు కలిసిపోయాయి. చేలో కలుపు, కోతలో కలిసింది, నూర్పిడిలో కలిసింది, చెరిగేటప్పుడు పోలేదు. ఇప్పుడు సామలు, కొర్రలు ఫ్యాషనయ్యాయి కాబట్టి చెబుతున్నా, మానక్కర్లేదు, నేనూ తింటాను. ప్యాకెట్ విప్పగానే కుక్కర్లో పోసెయ్యకుండా పళ్ళెంలో పరిచి ఒకసారి చూడండి. అమ్మమ్మలు చేటతో చెరిగింది రాళ్ళ కోసం మాత్రమే కాదు.

జనుము సంగతి అడగలేదు గానీ చెప్పేస్తా. పచ్చిరొట్టకి దున్నితే ఏ బాధా లేదు. పశువులకి లేత మేతగా మిగతా గడ్డితో కలిపి వెయ్యడం వేరు, కాయ కట్టి గింజ ముదిరాక కుప్పగా వెయ్యడం వేరు. ఆ రెండోది వద్దు.

ఇంకొక్క ముచ్చట, ఆపుకోలేకపోతున్నా. ఎండిన గిలిగిచ్చ మొక్క మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, పువ్వే లేని కాడని గీకుతూ ఉండడం మీరెప్పుడైనా చూశారా? అవి ఈ విషం కోసమే వస్తాయి. ఒంట్లో దాచుకుంటే పిట్టలు తినవు. పైగా మగవి ఆడవాటిని పిలిచే వాసన కూడా దీంతోనే తయారుచేసుకుంటాయి. మన లివర్ చేసే తప్పు వాటి ఒళ్ళు చెయ్యదు, దాన్ని హాని చెయ్యని రూపంలో మార్చి పెట్టుకుంటుంది.

ప్ర: ఎండకి, పొగకి, ఆఖరికి ఊపిరి పీల్చినా డీఎన్‌ఏ పాడవుతూనే ఉంటుందని మా మేడమ్ చెప్పారు. మరి మొక్కల విషం వల్ల కొత్తగా వచ్చే నష్టమేంటి సార్? — డిగ్రీ విద్యార్థిని, వరంగల్

మీ మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కో కణంలో రోజుకి వేలకొద్దీ చోట్ల డీఎన్‌ఏ తనంతట తానే దెబ్బతింటుంది. మరమ్మతు చేసే ప్రోటీన్ల దండు రాత్రీపగలూ దాని మీదే ఉంటుంది. ఆ మరమ్మతు ఎట్లా జరుగుతుందో కనిపెట్టినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

తేడా ఎక్కడంటే, మామూలు దెబ్బలు గోడకి పడ్డ మేకు బెజ్జాల్లాంటివి, కాస్త లప్పం పెడితే సరి. కానీ ఆల్కలాయిడ్ ముక్క డీఎన్‌ఏ అక్షరానికి అతుక్కుని కూర్చుంటే, కణం ముందు దాన్ని గుర్తించాలి, ఆ ముక్క కత్తిరించాలి, అవతలి పేట చూసి ఖాళీ పూరించాలి. రెండు పేటలూ కుట్టేసి ఉంటే చూసి రాసుకోవడానికి సరైన ప్రతి కూడా మిగలదు. ఈ పని పూర్తయ్యేలోపే కణం చీలిందంటే తప్పు అచ్చయిపోయినట్టే. ఇక అది దెబ్బ కాదు, మ్యుటేషన్. దెబ్బని మరమ్మతు చెయ్యొచ్చు, మ్యుటేషన్‌ని కణం గుర్తుపట్టను కూడా గుర్తుపట్టదు, అదే తన అసలు రాత అనుకుంటుంది.

ల్యాబ్‌లో దీన్ని ఎట్లా పట్టుకుంటారని రాబోయే ఉత్తరంలో అడుగుతావని నాకు తెలుసు. ఏమ్స్ పరీక్ష అని ఒకటుంది, సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో చేస్తారు, అందులో బ్యాక్టీరియాతో పాటు ఎలుక లివర్ రసం కూడా పోస్తారు. ఎందుకో పై జవాబు చదివితే నీకే అర్థమవుతుంది. ఇంకోటి కామెట్ పరీక్ష. కణాన్ని జిగురులాంటి పలకలో ఉంచి కరెంటు పెడితే, తెగిన డీఎన్‌ఏ ముక్కలు ఒకవైపు లాక్కుపోయి తోకచుక్కలా కనిపిస్తాయి. బాగున్న కణం గుండ్రటి చుక్క, పాడైన కణానికి తోక. ఎంత తోకో అంత నష్టం. చూడ్డానికి మాత్రం భలే అందంగా ఉంటుంది, అదో విడ్డూరం.

ప్ర: భోజనం అయ్యాక వక్కపొడి వేసుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. పొగాకు ఎప్పుడూ ముట్టలేదు. మీ వాక్యం చదివి మా అమ్మాయి డబ్బా దాచేసింది. పూజలో పెట్టే తాంబూలంలో కూడా విషముందంటారా? — రిటైర్డు టీచరు, తణుకు

మాస్టారూ, డబ్బా విషయంలో నేను మీ అమ్మాయి పక్షమే, ముందే చెప్పేస్తున్నా.

పొగాకు లేకపోతే వక్క మంచిదే అనే మాట మనందరం వింటూ పెరిగాం. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కని, పొగాకు కలపని కిళ్ళీని కూడా మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వరుసలో చేర్చింది. మొదటి వరుస అంటే అనుమానం కాదు, రుజువైందని. పొగాకు, పొగ తాగడం ఉన్న వరుస అదే.

వక్కలో ముఖ్యమైన ఆల్కలాయిడ్ అరెకోలిన్. నమలగానే కాస్త వేడి పుట్టి, చెమట పట్టి, హుషారుగా అనిపిస్తుందే, అది దాని పనే. మళ్ళీ మళ్ళీ వేసుకోవాలనిపించేదీ అదే. మన ఉమ్మిలో సహజంగానే నైట్రైట్ కొంత ఉంటుంది. నోట్లో వక్కముక్క చాలాసేపు ఉంటే ఆ రెండూ కలిసి నైట్రోసమైన్లు తయారవుతాయి, వాటిలో కొన్ని డీఎన్‌ఏ అక్షరాలకి అతుక్కుంటాయి. ఇక కిళ్ళీ అయితే సున్నం కూడా కలుస్తుంది. సున్నపు కారంలో వక్కలోని వగరు పదార్థాలు త్వరగా ఆక్సీకరణం చెందుతాయి, అందులోంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు గ్వానిన్‌ని కొడతాయి. నోరు ఎర్రగా పండితే మురిసిపోతాం కదా, ఆ పండడం కూడా ఈ రసాయనమే. ఒకవైపు ఆల్కలాయిడ్, ఇంకోవైపు సున్నం, మధ్యలో మన బుగ్గ లోపలి చర్మం. అడకత్తెరలో పోకచెక్క అంటాం గానీ నిజానికి ఇక్కడ ఇరుక్కున్నది మనం.

డీఎన్‌ఏ ఒక్కటే కాదు, వక్క నమిలేవాళ్ళ బుగ్గల్లో చర్మం కింద పీచు పేరుకుపోయి నోరు బిగుసుకుపోతుంది. మా మేనత్త చేతిలో అడకత్తెర ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. మాట్లాడుతూ చూడకుండా వక్క కత్తిరించేది, ముక్కలన్నీ ఒకే సైజు. చివరి రోజుల్లో ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోవడానికి వేళ్ళు పట్టేవి కావు, చెంచాతో జావ తాగేది. పళ్ళు లేక అనుకున్నాం అప్పట్లో. ఇప్పుడు మీరు అద్దం ముందుకి వెళ్ళి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు మూడూ నిలువుగా కలిపి పళ్ళ మధ్య పెట్టి చూడండి. పడితే సంతోషం. పట్టకపోయినా, కారం తగిలితే మంటగా ఉన్నా, బుగ్గ లోపల తెల్లగా పాలిపోయినట్టున్నా పళ్ళ డాక్టరుకి చూపించండి, వాయిదా వెయ్యకండి.

పూజ తాంబూలం సంగతంటారా, ఇచ్చింది పుచ్చుకోవడానికీ రోజుకి నాలుగుసార్లు నమలడానికీ చాలా దూరం ఉంది. తమలపాకు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చనిది "రోజూ" అనే మాట. అన్నట్టు, తొంభై ఏళ్ళ తాతగారి మనవడికి కూడా ఇదే జవాబు: తాత నిలబడ్డాడు, నిలబడనివాళ్ళ మనవలు మనకి ఉత్తరాలు రాయరు.

ప్ర: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. అంగిట్లో పుండై పోయింది. కాలి పుండైందా, పొగాకు వల్లా? ఇప్పుడు నేను బెంగుళూరులో నికోటిన్ గమ్ వాడుతున్నా, అదీ అంతేనా? — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సొంతూరు టెక్కలి

అడ్డపొగ చూడనివాళ్ళు నమ్మరు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు ఎక్కువగా చేసేవాళ్ళు. చుట్ట ఆరిపోదని, ఎక్కువసేపు వస్తుందని, గాలికి నిప్పురవ్వలు ఎగరవని, కారణాలు రకరకాలుగా చెబుతారు. ప్రపంచంలో వైద్యులు దీన్ని గమనించడంలో శ్రీకాకుళానిది పెద్ద పాత్ర. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా మొదలైనవాళ్ళు శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్ళు పరీక్షించి ప్రచురించారు. మిగతా చోట్ల అరుదుగా వచ్చే అంగిటి క్యాన్సర్ ఇక్కడ ఎందుకు అంత కనబడుతోందో ఆ లెక్కలతో ఇంకా స్పష్టమైంది.

వేడిదీ పాత్ర ఉంది, కాదనను. కాలి మానుతూ, మళ్ళీ కాలి మానుతూ ఉండే చర్మంలో కణాలు ఊరికే చీలుతూ ఉంటాయి, చీలే కణంలో తప్పు అచ్చయ్యే అవకాశం ఎక్కువని పైన చెప్పుకున్నాం. కానీ తప్పు రాసే కలం మాత్రం పొగాకుదే. తమాషా ఏంటంటే నికోటిన్ అనే అసలు ఆల్కలాయిడ్ డీఎన్‌ఏకి నేరుగా తగులుకునే రకం కాదు. మనిషిని కట్టి పడేసేది అది, కొట్టేది దాని చుట్టాలు. ఆకు ఆరబెట్టి మగ్గబెట్టేటప్పుడు నికోటిన్, దాని తోటి ఆల్కలాయిడ్లు నైట్రైట్‌తో కలిసి ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అనే నైట్రోసమైన్లుగా మారతాయి. అంటే అగ్గిపుల్ల గీయకముందే విషం తయారు. అందుకే పొగే లేని గుట్కా, ఖైనీ కూడా నోటి క్యాన్సర్ తెస్తాయి.

ఎన్‌ఎన్‌కే కూడా ఒంట్లో ఎంజైముల చేతిలో పడ్డాకే చురుకవుతుంది. అప్పుడు గ్వానిన్ మీద ఒక చిన్న మిథైల్ గుంపుని అతికిస్తుంది, ఇంతే, ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. ఆ మచ్చ పడ్డ గ్వానిన్, కాపీ చేసేటప్పుడు, సైటోసిన్ బదులు థైమిన్‌ని జత పిలుస్తుంది. ఒక అక్షరం మారిపోయింది. ఆ మచ్చ తుడవడానికి మన కణాల్లో ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఉంది, అదెంత త్యాగమయి అంటే మచ్చని తన మీదికి తీసుకుని అక్కడితో చచ్చిపోతుంది. ఒక్కో అణువు ఒక్క మచ్చే తుడవగలదు, రెండోదానికి పనికిరాదు. రోజంతా చుట్ట నోట్లో ఉంటే ఎన్నని తుడుస్తుంది?

మీ గమ్ విషయం: అందులో శుద్ధిచేసిన నికోటిన్ ఉంటుంది, ఆకూ పొగా ఉండవు, అందుకే మానడానికి డాక్టర్లే ఇస్తారు. మీ డాక్టరు చెప్పిన లెక్కన తగ్గించుకుంటూ రండి. చుట్ట కంటే గమ్ ఎన్నో రెట్లు నయం తమ్ముడూ.

ప్ర: రోజూ పరగడుపున బిళ్ళగన్నేరు ఆకులు ఐదు నమిలితే షుగర్ పోతుందని గ్రూపులో వచ్చింది. అదే మొక్కతో క్యాన్సర్ మందు చేస్తారట కదా, అంటే ఒంటికి మంచిదే కదా? — గృహిణి, కరీంనగర్

అమ్మా, క్యాన్సర్ మందు చేస్తారు కాబట్టే నమలకూడదు! క్యాన్సర్ మందంటే చీలే కణాన్ని చంపేది. అది టానిక్కు కాదు.

దీని వెనక ఉన్న కథ మీ ప్రశ్నకి అచ్చంగా సరిపోతుంది. 1952లో జమైకా నుంచి కెనడాలోని నోబుల్ అనే డాక్టరుకి ఒక కవరులో ఈ ఆకులు వచ్చాయి, అక్కడి జనం షుగర్‌కి వీటి కషాయం తాగుతారని. ఆ డాక్టరు తమ్ముడు రాబర్ట్ నోబుల్ వాటిని ఎలుకలకిచ్చి చూశాడు. షుగర్ తగ్గలేదు. ఎలుకలకి ఇన్‌ఫెక్షన్లు సోకి చచ్చిపోయాయి, చూస్తే రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి. షుగర్ మందు వెతకబోతే తెల్ల కణాల్ని చంపేది దొరికింది. చార్లెస్ బీర్‌తో కలిసి దాన్ని విడదీశారు, అదే విన్‌బ్లాస్టిన్. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ ఇప్పుడు పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో ప్రాణాలు కాపాడుతోంది, అదీ డాక్టర్ల చేతిలో, కొలిచిన డోసులో, రక్త పరీక్షలు చూసుకుంటూ.

ఇక్కడొక సవరణ కూడా చెయ్యాలి, నలుగురైదుగురు "బిళ్ళగన్నేరు డీఎన్‌ఏని తెంపుతుంది కదా" అని రాశారు. అది ప్రధానంగా చేసేది అది కాదు. కణం చీలేటప్పుడు రెండు వాటాల క్రోమోజోముల్ని చెరోవైపు లాగే సన్నటి దారాలుంటాయి, ఈ ఆల్కలాయిడ్లు ఆ దారాలు అల్లుకోకుండా చేస్తాయి. డీఎన్‌ఏ బాగానే ఉంటుంది గానీ పంపకం ఆగిపోతుంది. నిజంగా డీఎన్‌ఏ దగ్గర దెబ్బకొట్టే మొక్క మందు కావాలంటే క్యాంప్టోథెసిన్ చూడండి. 1966లో వాల్, వాణి అనే ఇద్దరు చైనా చెట్టు ఒకదాన్నుంచి తీశారు, మన పడమటి కనుమల్లో పెరిగే ఒక చెట్టులో కూడా బాగానే ఉంటుంది. నులక మంచం అల్లేటప్పుడు తాడు మెలికలు పడితే కాస్త వదులు చేసి మళ్ళీ బిగిస్తారు చూడండి, డీఎన్‌ఏ తాడుకి ఆ పని చేసే ఎంజైము ఒక పేటని కోసి, మెలిక విప్పి, తిరిగి అతికిస్తుంది. కోసిన క్షణంలో ఈ ఆల్కలాయిడ్ వచ్చి ఆ కోతలో చీలలా ఇరుక్కుంటుంది, అతకనివ్వదు. చీలబోయే కణం అక్కడికొచ్చి తెగిపోతుంది.

షుగర్ మందులు మాత్రం ఆపకండి. గ్రూపు అడ్మిన్ మీ కళ్ళూ కిడ్నీలూ చూసుకోడు.

ప్ర: మా వైపు ఈశ్వరి వేరు, గాడిదగడపాకు నాటు మందుల్లో వాడతారు. ఇవి కిడ్నీలకి చెరుపంటే నిజమేనా? ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇవే కారణమా? — ఆరోగ్య కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

రెండో ప్రశ్న ముందు. ఉద్దానం జబ్బుకి ఇదీ కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు, ఆ మాట నా పేరు మీద చెలామణీ చెయ్యొద్దని బతిమాలుకుంటున్నా.

మొదటిదానికి అవును. రెండూ అరిస్టొలోకియా జాతి మొక్కలు, వీటిలో అరిస్టొలోకిక్ ఆమ్లాలుంటాయి. రసాయనం తెలిసినవాళ్ళు "అది ఆల్కలాయిడ్ కాదు" అని పట్టుకునేలోపే ఒప్పుకుంటున్నా, కాదు. కానీ మొక్క దీన్ని ఆల్కలాయిడ్లు తయారుచేసే దారిలోనే వెళ్ళి, చివర్లో మలుపు తిప్పి చేస్తుంది, అందుకే ఈ కాలమ్‌లోకి రానిచ్చాను.

1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో ఒళ్ళు తగ్గించే క్లినిక్‌కి వెళ్ళిన ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు పాడవడం మొదలైంది. మాత్రల్లో వెయ్యాల్సిన చైనా మూలిక ఒకటైతే, పేరు దగ్గరగా ఉండడంతో అరిస్టొలోకియా జాతిది వచ్చి పడింది. 1993లో బయటపడింది, వంద మందికి పైగా దెబ్బతిన్నారు. తర్వాత కిడ్నీలు తీసేయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనబడింది. మాత్రలు మానేసి ఏళ్ళయినా కిడ్నీ కణాల డీఎన్‌ఏలో ఆ ముక్కలు అతుక్కునే ఉన్నాయి. ఇది అడినిన్‌ని పట్టుకుంటుంది, దాని చోట థైమిన్ వచ్చి కూర్చుంటుంది. ఈ తరహా మార్పు మామూలుగా అరుదు, కాబట్టి కణితి డీఎన్‌ఏ చదివితే అరిస్టొలోకియా వేలిముద్ర దొరికినట్టే. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో తరాలుగా వస్తున్న కిడ్నీ జబ్బుని కూడా ఈ వేలిముద్రతోనే పట్టుకున్నారు, గోధుమ చేలల్లో కలుపుగా పెరిగిన అరిస్టొలోకియా గింజలు రొట్టెల్లోకి వెళ్ళాయి. సర్గుజా సామల కథే, ఊరు మారింది.

కాబట్టి మీ ఊళ్ళో ఎవరైనా కడుపులోకి వాడుతుంటే ఆపించండి. ఎవరో చాటుమాటుగా ఇస్తారని తెలిసినా పోట్లాటకి దిగకండి, తాగుతున్నవాళ్ళకి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చేయించండి చాలు, మాట దానంతట అదే పాకుతుంది.

ఇక మిగిలినవి గబగబా.

ఉమ్మెత్త కూడా డీఎన్‌ఏని పాడుచేస్తుందా? (నెల్లూరు) దాని దారి వేరు. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లు నరాల సంకేతాల్ని అడ్డుకుంటాయి, కొన్ని గంటల్లోనే పిచ్చిచూపులు, నోరు ఎండిపోవడం. అంటే తక్షణం ఆస్పత్రి. డీఎన్‌ఏ దాకా ఆలోచించే టైమ్ ఉండదు.

ఆవాలలో బ్రహ్మదండి గింజలు కలుస్తాయంటారు, ఏం చేస్తాయి? (ఒంగోలు) 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వల్ల కాళ్ళు వాచి, ఊపిరాడక అరవై మంది దాకా పోయారు. అందులోని సాంగ్వినరిన్ అనే ఆల్కలాయిడ్ బల్లపరుపుగా ఉండి డీఎన్‌ఏ మెట్ల మధ్యకి దూరిపోతుంది, పుస్తకం పేజీల మధ్య అట్టముక్క పెట్టినట్టు. పోపు ఆవాలు వేలితో రుద్దితే నున్నగా ఉండాలి, బ్రహ్మదండి గింజ గరుకు.

జర్మనీలో జీలకర్ర ప్యాకెట్లు వెనక్కి పిలిచారని చదివా, మన జీలకర్రలో ఏముంది? (ఫ్రాంక్‌ఫర్ట్) జీలకర్రలో ఏమీ లేదు. చేలో కలుపు మొక్కలున్నాయి, వాటిలో గిలిగిచ్చ మాదిరి పైరోలిజిడిన్లే. యూరప్‌లో 2022 జూలై నుంచి కిలో జీలకర్రకి 400 మైక్రోగ్రాములు దాటకూడదు. కలుపు సరిగ్గా తీయించిన చేనైతే ఆ పరీక్ష సులభంగానే దాటుతుంది.

ఇంతకీ కాఫీ తాగొచ్చా? (చాలామంది) తాగండి. పైన చెప్పిన క్యాన్సర్ పరిశోధన సంస్థే కాఫీని క్యాన్సర్ అనుమానితుల జాబితా నుంచి 2016లో తీసేసింది. అదే ఏడాది 65 డిగ్రీలు దాటిన వేడి వేడి పానీయాలు ఏవైనా సరే అన్నవాహికకి మంచివి కావని అన్నారు, పొగలు కక్కుతుంటే కాస్త ఆగండి. నాది ఈ జవాబులు రాసేలోపు పూర్తిగా చల్లారిపోయింది, వెచ్చబెట్టుకోవాలి.